వంగిన వేపలు, వీయని గాలి

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, నీళ్లు తోడే గాలిమర ఎక్కడ నిలబెట్టాలో తేల్చమని ఓబులేసును కోడుమూరుకు పంపారు. గాలి కొలిచే యంత్రం మాత్రం ఇవ్వలేదు. చెట్లు ఎటు వంగాయో, ఎంత వంగాయో చూస్తే గాలి సంగతి తెలిసిపోతుందని చెప్పి, పై ఆఫీసరు ఓ పుస్తకం చేతిలో పెట్టాడు.

నేతగాళ్ల వీధి పడమటి కొసన ఐదు వేపచెట్లు. ఐదూ తూర్పుకే వంగాయి. ఓబులేసుకు పండగైంది.

"ఏం చేస్తాండావు సారూ, చెట్లకు జాతకం రాస్తాండావా?" అరుగు మీద ఊరికే కూర్చున్న గంగాదేవి అడిగింది. నూలు బండి రాక వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

"గాలి లెక్క కడతాండా. మీ వీధిలో శానా గాలి ఉండాది."

"అట్నా? మాకు తెలీనే తెలీదే," అని ఆమె తల వంచుకుంది. సిగ్గనుకున్నాడు పాపం.

ఒక్క పూట పనికి పది రోజులు పట్టింది. కొలిచిన చెట్టునే మళ్లీ కొలిచాడు. పదో రోజుకు ఆ పిల్లను వదిలి పోవడం తన వల్ల కాదని తేలింది. రిపోర్టు రాసి జేబులో పెట్టుకుని, తెల్లారి బస్సెక్కేలోపు ఆమె తండ్రి నరసన్నను పిల్లనడగాలని బయల్దేరాడు.

వీధి పొడవునా పడుగు దారాలు సాచి ఉన్నాయి. రాత్రే నూలు వచ్చిందట. పడుగు తాళ్లు వేపలకు కట్టి, పదిమంది తూర్పుకు లాగుతున్నారు. చెట్లు కిర్రుమన్నాయి. అవి వంగింది గాలికి కాదు, ఏళ్లుగా లాగే ఈ తాళ్లకని ఓబులేసుకు అప్పుడు తెలిసింది.

నరసన్న పడుగుకు గంజి పూస్తున్న కుంచె దించాడు. "ఏమప్పా, ప్రొద్దుటూరు నేతగాళ్ల పిల్లోడివంట, పడుగు కట్టే చెట్టు తెలీదా? గాలి కొడితే దారాలు తెగవా? గాలి సోకదనే కదా మా తాత ఈ వీధి చూసుకున్యాడు."

వీధంతా నవ్వింది. చదువుకోవడానికి పదేళ్లకే మదరాసు పోయినవాడికి పడుగెక్కడ తెలుస్తుంది? జేబులోని రిపోర్టు తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఈ మొహంతో పిల్లనెట్లా అడగడం?

"నీకు తెలుసు కదా," అన్నాడు అరుగు దగ్గర నిలబడ్డ గంగాదేవితో.

"మొదటి దినమే తెలుసు."

"చెప్పకూడదా? నా ఉద్యోగం పోయుండేది."

"చెప్పింటే ఆ పొద్దే బస్సెక్కిపోయింటివి." ఈసారి ఆమె తల వంచుకోలేదు.

నరసన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గాలి గుట్ట మీద ఉండాది, యాడికీ పోదు. ముందు ఈ తాడు పట్టుకో అల్లుడూ."

అడగాల్సిన మాట ఓబులేసు నోట్లోనే ఉండిపోయింది. చెయ్యి మాత్రం తాడు పట్టుకుంది.