మిల్లు బంగళాలో మిశ్రచాపు

విజయనగరంలో మూతబడ్డ గోనె సంచుల మిల్లు వెనక మేనేజరు బంగళా ఒకటుంది. చీకటిపడితే అటువైపు ఆటో కూడా తిరగదు. ఒక రాత్రి ఆడమనిషి గొంతు చించుకుని ఏడుస్తుందట. ఇంకో రాత్రి ఎవరో రేకులు బాదుతారట. "సచ్చిపోయిన మేనేజరు సిందులేస్తన్నాడమ్మా... నా సెవుల్తో విన్నాను!" అని ఆటో కూర్మయ్య ఒట్టేసి మరీ చెబుతాడు.

ఆమని ఇవన్నీ నమ్మేది కాదు. అయినా ఆ దారిన వెళ్లేదీ కాదు.

ఆ రాత్రి వెళ్లింది. మనసు మనసులో లేదు మరి. వయొలిన్ నేర్పే భావనారాయణ మాస్టారు సాయంత్రం పదిమందిలో కడిగేశారు. పెళ్లి స్టేజీ మీద గిటారు కుర్రాళ్ల పక్కన కూర్చుని వాయించిందని ఎవరో ఆయన చెవిన వేశారు. "పరవాన్నంలో ఎండుచేప కలిపేవు కదే! ఆదివారం కచేరీలో నువ్వు లేవు, పో!" అన్నారు. అది ఆమెకి తొలి కచేరీ. ఏడుపు ఆరేదాకా స్కూటీ మీద ఊరంతా తిరిగి, ఇంటికి దగ్గరదారి కదా అని మిల్లు వైపు మళ్లింది.

బంగళా గేటు దగ్గర... వినబడింది.

ఆడగొంతు. మూలుగులా మొదలై, కేకలా లేచి... ఠక్కున తెగిపోయింది.

చెయ్యి బ్రేకు మీద బిగుసుకుపోయింది. బండి ఆగిపోయింది. బటన్ నొక్కుతుంటే కుయ్యోమంటుంది తప్ప అంటుకోదు.

అంతలో లోపల దరువు మొదలైంది. ధన్... ధన్...

ఆంజనేయ దండకం అందుకుందామంటే మొదటి ముక్కే గుర్తురాలేదు. వేళ్లు మాత్రం వాటంతటవే తొడ మీద ఆడుతున్నాయి. తకిట తకధిమి... తకిట తకధిమి... ఏడు దెబ్బలు. మిశ్రచాపు!

దెయ్యానికి ఇంత లయా?

భయం పోలేదు. కానీ కాళ్లు ఆగలేదు. పిల్లిలా అడుగులేసి, ఓరగా ఉన్న తలుపు తోసి, ఫోను లైటు వేసింది.

నేలమీద ఎవరో బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని, భుజాలెగరేస్తూ తొడ చరుచుకుంటున్నారు. నున్నటి బుర్ర... విభూతి రేఖలు...

"మాస్టారూ!"

భావనారాయణ మాస్టారు కెవ్వుమన్నారు. ఆమెనే దెయ్యమనుకుని దండం కూడా పెట్టేశారు.

"నువ్వటే! ఒసే ఆమనీ... ఇంట్లో మా ఆవిడకి సెప్పకే తల్లీ!"

పక్కన, బ్యాటరీతో నడిచే చిన్న ప్లేయరు మీద నల్లటి రికార్డు తిరుగుతోంది. మేనేజరు వదిలేసిపోయిన పెట్టెడు రికార్డులట. జాజ్‌నీ రాక్‌నీ కలిపేసిన ఫ్యూజన్, ఒక్క పాటకే రికార్డు ఒక పక్కంతా సరిపోని ప్రోగ్రెసివ్ రాక్, గుండెలు పిండేలా గొంతెత్తి పాడే సోల్.

"ఇందాక ఏడ్చిందెవరు మాస్టారూ?"

"ఏడుపేటే! సోల్ అంటారు. మన ముఖారి రాగం మాత్రం ఏడవదేటి?"

"మరి దెయ్యం మాట?"

మాస్టారు గొంతు తగ్గించారు. "ఎవరూ రాకుండా నేనే పుట్టించేను. కూర్మయ్య సెవిలో ఓ ముక్క వేసేను, ఊరంతా పంచేసేడు."

ఆమని చేతులు కట్టుకుంది. "ఆదివారం కచేరీ...?"

"నా పక్కనే కూకుని వాయిద్దువు గాని. ముందు ఇది విను. ఇక్కడ ఏడు కాస్తా అయిదైపోద్ది. పట్టుకో, సూద్దాం!"

పట్టుకోలేకపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ తప్పింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. మాస్టారు ప్లేయరు ముల్లెత్తి పక్కన పెట్టారు. పాట ఆగింది.

దరువు ఆగలేదు.

పక్క గదిలో... ఎవరో తాళం వేస్తున్నారు. తకిట తకధిమి... తకిట తకధిమి... అయిదులోకి దిగేచోట తడబడింది.

ఎన్నేళ్ల పంతులు అలవాటో... భయం కంటే ముందు మాస్టారి నోరు లేచింది.

"ఎవడ్రా అది? తాళం తప్పేవు! మొదట్నుంచి వెయ్యి!"

పక్క గది గప్‌చుప్ అయిపోయింది.

ఆ తర్వాత... మెల్లగా... మొదట్నుంచి వేసింది.

ఈసారి తప్పలేదు.