అడగకుండా ఎక్కించిన గొర్రెలు

"ఇకనుంచి నువ్వు గొర్రెల ఇన్‌స్పెక్టర్‌వి" అన్నాడు ఛీఫ్.

ఏజెంట్ వీరభద్రయ్య నవ్వు ఆపుకున్నాడు. అది 1962 వేసవి. జంతుహింస చట్టం కొత్తగా వచ్చింది, మారువేషానికి అంతకంటే మంచి ఉద్యోగం లేదు.

"హిందూపురం గొర్రెలు మద్రాసు రేవులో విదేశీ ఓడ ఎక్కుతాయి. ఒకదాని ఉన్నిలో మన రాడార్ ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఉంది. ధర్మవరం జంక్షన్‌లో శత్రువుల మనిషి వచ్చి తీసుకుంటాడని హిందూపురంలో ఉన్న మన ఏజెంట్ కబురు. వాణ్ణి పట్టుకో. అందాకా ఎవరికీ అనుమానం రాకూడదు. కోడ్ వర్డ్ చింతచిగురు."

హిందూపురం స్టేషన్లో నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, సెంటు వాసనతో ఒకామె ఎదురొచ్చింది. ఎక్స్‌పోర్టర్ సెక్రటరీ కమలాక్షి.

"చలికాలంలో చింతచిగురు దొరకదండీ" అంది మెల్లగా.

మన మనిషే!

వ్యాగన్లో గొర్రెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటివెంట మద్రాసు దాకా పోవలసిన కాపరి తిమ్మక్క బిందె పట్టుకుని అడ్డం వచ్చింది.

"సారూ, ఇంత ఇరుకా! నీళ్ళన్నా పెట్టనీ. మా తావ గొర్రెమీద నీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలిస్తేనే పంపిస్తాం. అది పోతానని ఒప్పుకున్నట్టు. అడగకుండా పంపితే పాపం."

చోటు ఉండాలి, నీళ్ళు పెట్టాలి అని రూల్సు కూడా అంటున్నాయి. కమలాక్షి అతని చెవిలో, "బండి ఆపితే వాడు రాడు" అంది. వీరభద్రయ్య అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేసి, ఆమెతోపాటు ముందు పెట్టె ఎక్కాడు.

పెనుకొండలో తిమ్మక్క అతని పెట్టె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "రెండు పడిపోయినాయి సారూ! తలుపు తీయించు!"

"ధర్మవరంలో చూద్దాం."

"అందాకా యాడ బతుకుతాయి? నువ్వు వచ్చిండేది దేనికి సారూ?"

అతను మొహం తిప్పుకున్నాడు. దేశరహస్యాలు మోసిన మనిషికి ఆ ప్రశ్న మోయడం కష్టమైంది.

ధర్మవరంలో ఎవరూ రాలేదు. మద్రాసు వైపు ఇంజను తగిలించారు. గార్డు పచ్చజెండా ఎత్తాడు.

తిమ్మక్క ఇంక ఎవర్నీ అడగలేదు. గొళ్ళెం లాగి, బిందెడు నీళ్ళు లోపలికి కుమ్మరించింది. బతికున్న గొర్రెలు ఒక్కసారిగా ఒళ్ళు విదిలించాయి. ఒకదాని మెడకింద బంకతో అతికించిన చిన్న నల్ల ఫిల్ముచుట్ట ఊడి ప్లాట్‌ఫారం మీద పడింది.

కమలాక్షి దూకింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ పిస్తోలు! వీరభద్రయ్య ఆ చెయ్యి ఒడిసిపట్టి, చుట్టమీద కాలు పెట్టాడు. గార్డు జెండా దించేశాడు.

"డబుల్ ఏజెంట్‌వన్నమాట."

ఆమె నవ్వింది. "ధర్మవరానికి వచ్చే మనిషే లేడు, ఫిల్ము ఓడ దాకా చేర్చడమే నా పని. హిందూపురంలో మీరు నీళ్ళు పెట్టించి ఉంటే అక్కడే దొరికిపోయేదాన్ని. భయపడి చచ్చాను. మీరు సంతకం పెట్టాక ప్రాణం లేచొచ్చింది."

తిమ్మక్క చచ్చిన గొర్రెల్ని కిందికి దించుతోంది. సాయం పట్టబోతే, "వద్దులే సారూ" అంది. అంత సిగ్గు వీరభద్రయ్య జన్మలో ఎరగడు.

స్టేషన్ మాస్టరు గదిలో ట్రంక్‌కాల్ కలిసింది.

"శభాష్! మారువేషం ఎలా పనిచేసింది?" అన్నాడు ఛీఫ్.

"బ్రహ్మాండంగా పనిచేసింది సార్. నేను ఇన్‌స్పెక్టర్‌నని చివరిదాకా ఒక్క గొర్రెకు కూడా అనుమానం రాలేదు."