రోజుకో సైజు పాదం

ఎర్రబూటు తోలులోంచి బొటనవేలు బయటికి పొడుచుకొచ్చింది. ఆ తోలూ నిజం కాదు, ఆ వేలూ నిజం కాదు. అవి తొడుక్కున్నావిడ కోపం మాత్రం అసలు సిసలైనది.

"ఇవి మీ కొట్లో కొన్న బూట్లే. ఈ వేలికి ఏం సమాధానం చెప్తారు?" అని టైప్ చేసింది.

ఆ ఆన్‌లైన్ లోకంలో జనం తమకు నచ్చిన ఒళ్ళు తయారుచేసుకుని తిరుగుతారు. దాన్ని అవతార్ అంటారు. ముక్కు పొడవు, నడుము సన్నం, పాదం సైజు, అన్నీ తెరమీద ఒక మీటను అటూ ఇటూ జరిపితే మారిపోతాయి. ఆ పాదాలకు బూట్లు చేసి అమ్మడమే మన అబ్బాయి బతుకుతెరువు. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేళ్ళు బయటపడతాయి, లేదా మడమ వెనక సందు కనిపిస్తుంది. ఆ తేడాలు సరిచేయడంలో అతనిది అందెవేసిన చెయ్యి. అందుకే అక్కడ అందరూ అతన్ని బూట్ల డాక్టర్ అనేవారు.

డాక్టర్ గారి ఆస్పత్రి మూడో అంతస్తులో ఒక గది. ఒక బల్ల, రెండు తెరలు, కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాలు. తలుపు తట్టేది సరుకులు తెచ్చే మనిషి ఒక్కడే. అతనూ సంచి గుమ్మంలో పెట్టేసి, ఇతను తలుపు తీసేలోపే మెట్లు దిగిపోయేవాడు. పగలంతా నోరు విప్పే పని ఉండదు కాబట్టి, సాయంత్రం అక్క ఫోన్ చేసినప్పుడు మొదటి మాట గొంతులో అడ్డం పడేది. ఇన్ని వేల కాళ్ళకు బూట్లు తొడిగినవాడి కాళ్ళకు ఉన్నవి మాత్రం ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు. బయటికి వెళ్ళేవాడికి కదా బూట్లు!

ఆ రోజు అతను క్షమించమని అడిగి, తన కొలబద్దతో పాదం కొలిచి, బూటు కాస్త పెంచి ఇచ్చాడు. ఆవిడ నడిచి చూస్తానంది. కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి తీరిగ్గా తిరుగుతూ, ఈ రంగు ఎందుకు ఎంచుకున్నారు, ఈ మడమకు ఆకారం ఎక్కడిదని అడుగుతూనే ఉంది. కంప్యూటర్ బూటు బిగుతుగా ఉందో వదులుగా ఉందో నడిస్తే ఎలా తెలుస్తుందని అతనికి తట్టలేదు. పాపం, జాగ్రత్త ఎక్కువ మనిషి అనుకున్నాడు.

మళ్ళీ వచ్చింది. ఈసారి మడమ వెనక సందు. సరిచేశాడు. ఆ తర్వాత చిటికెన వేలు. అతను ఫిర్యాదు మేడమ్ అని పేరు పెడితే, ఆ పేరు తనకు బాగుందనీ ఇక అలాగే పిలవమనీ అంది. అలా మాటలు బూట్లు దాటి బయటికొచ్చాయి. తాను బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్తుంటానంది.

"పొద్దుటి నుంచీ అంతమందితో మాట్లాడతాను. ఒక్కరూ తిరిగి మాట్లాడరు," అంది.

తన గదిలో అతనికీ తెలిసిన బాధే అది. ఆ మాట ఆమెతో చెప్పాలనుకుని, చెప్పలేక, "కుడి బూటు ఎలా ఉంది?" అని అడిగాడు.

ఒక మధ్యాహ్నం ఆమె, ఇక్కడ వాన మొదలైందంది. అతను తలెత్తి చూస్తే తన కిటికీ మీదా చినుకులు. కాసేపటికి గదిలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అతను కొట్లో అడుగు పెడితే, అదే క్షణాన ఆమె కూడా ప్రత్యక్షమైంది. అక్కడా కరెంటు పోయిందట. ఎవరి ఊరు ఏదో అడిగి చూసుకుంటే ఇద్దరిదీ ఒకటే ఊరు. ఆమె బస్‌స్టేషన్ అతని వీధి చివర పెద్ద రోడ్డు మీదే ఉంది.

"అయితే ఒకసారి రండి. ఏ బస్సు కావాలన్నా చెప్తాను," అంది ఆమె.

వస్తాను అనడానికి ఎంతసేపు పడుతుంది? అతను కంగారులో, "మీ ఎడమ బూటు పట్టీ వదులైనట్టుంది, చూడమంటారా?" అని రాశాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. ఆమె సరే, చూడమంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈవిడ ఎన్నిసార్లని తిరుగుతుంది పాపం అని జాలిపడి, తిండీ తిప్పలూ మాని ఒక కొత్తరకం బూటు తయారుచేశాడు. పాదం ఎంత ఉంటే అంతకు దానంతటదే సరిపోయే బూటు. మొదటి జత ఎర్రరంగులో ఆమెకే కానుకగా ఇచ్చి, "ఇక మీకు నా దగ్గరికి వచ్చే అవసరమే ఉండదు," అని గర్వంగా రాశాడు.

ఆమె ఆ బూట్లు వేసుకుని చాలాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత బాగున్నాయి, థాంక్స్ అని చెప్పి మాయమైంది. మళ్ళీ రాలేదు.

కొత్త బూట్లకు గిరాకీ పెరిగింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కొట్లో ఎవరైనా అడుగుపెడితే గంట మోగుతుంది. మోగినప్పుడల్లా పళ్ళెం పక్కన పెట్టి తెర ముందుకు ఉరికేవాడు. ఎవరో వచ్చి, కొనుక్కుని, ఏ పేచీ లేకుండా వెళ్ళిపోయేవారు. ఆమెకు పంపిన మెసేజ్‌లు ఆమె చదవకుండానే ఉండిపోయాయి. ఆమె ఆ లోకానికే రావడం మానేసింది. గది ఎప్పుడూ ఖాళీయే, కానీ ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు. ఆమె మీద బెంగ పెట్టుకున్నానని అతనికి అప్పుడు తెలిసింది.

అక్క గొంతు విని పసిగట్టింది. బుజ్జగించి మొత్తం చెప్పించుకుంది.

"ఆ పాదం సైజు ఎంతరా?"

"ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమో అక్కా."

"మిగతావాళ్ళ పాదాలు మారాయా?"

"లేదు."

అక్క పకపకా నవ్వింది.

"ఒరేయ్ మొద్దూ, పాదం దానంతటది పెరుగుతుందా? నీ దగ్గరికి రావడానికి సాకు కోసం ఆ పిల్ల మీట జరుపుకుని వచ్చేది. నువ్వు ఆ సాకు కాస్తా ఊడబెరికి, కానుక అంటూ చేతిలో పెట్టావు. బస్‌స్టేషన్ ఎక్కడికీ పోలేదుగా, లే ముందు."

అక్క పెళ్ళికి కొన్న బూట్లు మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. దులిపి తొడుక్కుని సన్నటి జల్లులో బయల్దేరాడు. వీధి మలుపు తిరిగేసరికి ఎడమ మడమ దగ్గర కరవడం మొదలుపెట్టాయి. కుంటుకుంటూ బస్‌స్టేషన్ చేరాడు.

స్పీకర్లోంచి ఒక ఆడగొంతు, మూడో ప్లాట్‌ఫాం మీద బస్సు బయల్దేరబోతోందని చెప్తోంది. ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. అతను ఊహించుకున్నదానికన్నా నెమ్మదిగా, కాస్త అలసటగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు మూటలు సర్దుకుంటున్నారు, ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ తలెత్తలేదు. అతను స్పీకర్ కిందే నిలబడి, "అలాగేనండి," అన్నాడు పైకే. పక్కనున్నాయన వింతగా చూసి పెట్టె కాస్త దూరం జరుపుకున్నాడు.

మైకు గదికి అద్దం, అద్దంలో చిన్న కిటికీ. కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి కాగితాలు చూసుకుంటూ, ఏ బస్సని అడిగింది.

"బస్సు కాదండీ, ఫిర్యాదు."

"ఫిర్యాదులు పక్క కౌంటర్‌లో ఇవ్వండి."

"ఇది మీకే చెప్పుకోవాలి. బూటు మడమ దగ్గర కరుస్తోంది."

ఆమె తలెత్తింది. అతని మొహం చూసింది. లేచి, అద్దానికి దగ్గరగా వంగి అతని కాళ్ళ వంక చూసింది. కూర్చునేసరికి కళ్ళజోడు వెనక కళ్ళు తడిగా ఉన్నాయి.

"సైజు చూసుకోకుండా ఎవరైనా తొడుక్కుంటారా, డాక్టర్ గారూ?"

"వచ్చే అవసరం ఉండదని రాశాను. అబద్ధం అది. మీరు రాకపోతే నాకు రోజు గడవడం లేదు. మీరంటే నాకిష్టం," అన్నాడు అతను. ఇన్నాళ్ళ మౌనానికి గొంతు బొంగురుపోయింది కానీ, మాట అడ్డం పడలేదు.

"మీరిచ్చిన బూట్లు వేసుకుని మీటను ఎంత జరిపినా సరిపోతూనే ఉన్నాయి," అంది ఆమె. "ఈ చివరికి లాగాను, ఆ చివరికి లాగాను. ఒక్క వేలైనా బయటికి రాలేదు. ఏడుపొచ్చింది."

అతను అద్దం మీద చెయ్యి ఆన్చాడు. డ్యూటీ అయ్యేదాకా ఎదుటి బెంచీ మీద కూర్చోమనీ, ముందు ఆ బూట్లు విప్పెయ్యమనీ ఆమె చెప్పింది. అతను విప్పి పక్కన పెట్టి, చల్లటి నేల మీద ఉత్త పాదాలు ఆన్చుకుని కూర్చున్నాడు.

మైకు గరగరమంది. ఒకటో ప్లాట్‌ఫాం బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, ప్రయాణికులు దయచేసి వేచి ఉండాలని ఆమె చెప్పింది.

"అలాగేనండి," అన్నాడు అతను బెంచీ మీద నుంచి.

అద్దం వెనక ఆమె మైకు కట్టేసి, అప్పుడు నవ్వింది.