బిగియని దవడ

"ఇప్పుడు పళ్ళు గట్టిగా బిగించండి," అంది డాక్టర్ వింధ్య.

వీరవేణి బిగించబోయింది. చెవుల కింద కండ కాస్త ఉబ్బి అంతలోనే మెత్తబడిపోయింది. దవడ జారి వేలాడింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే.

"బిగియడం లేదండి," అంది.

బల్లకి అవతల కూర్చున్న కమిటీ సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. కొత్త వైద్య పరికరాలకి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ అది. చప్పట్లు కొట్టే రకం కాదు, టీ బాగోలేకపోతే ఆ సంగతి కూడా మినిట్స్‌లో రాయించే రకం. డాక్టర్ వింధ్య మొహం వెలిగిపోయింది. కంట్రోల్ ప్యానెల్ ముందు నిలబడ్డ టెక్నీషియన్ డేవిడ్ రాజు హమ్మయ్య అనుకున్నాడు. వీరవేణి మాత్రం బల్ల కింద కాలి వేళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆమె కింది పళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. ఆ సంగతి ఈ గదిలో బయటపడకూడదు.

ఎందుకు బయటపడకూడదో తెలియాలంటే ముందు ఆ పరికరం గురించి చెప్పాలి.

వీరవేణికి కాకినాడలో కర్రీ పాయింట్ ఉంది. సముద్రం ఇంకో రెండు వీధులు లోపలికి వచ్చేసిన తర్వాతి కాకినాడ. పార్సిళ్ళు డ్రోన్లు మోస్తాయి, కూరలు యంత్రాలు కలుపుతాయి. అయినా పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి మనిషి నాలికని మించిన సాధనం ఇంకా పుట్టలేదు. ఆ నాలికే వీరవేణి ప్రాణం మీదికి తెచ్చింది. ఆమె కింది దవడ పుట్టుకతోనే పొట్టి. వెల్లకిలా పడుకుంటే నాలిక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది, ఊపిరి ఆగిపోతుంది. భర్త సూరిబాబు పట్టుకుని కుదిపితే మళ్ళీ అందుకుంటుంది. ముక్కుకి గాలి గొట్టం తగిలించుకుని చూసింది, పడలేదు. దవడ ఎముక కోసి, ముందుకి జరిపి, టైటానియం ప్లేట్లతో అతికించే ఆపరేషన్ ఒక్కటే దారి అన్నారు.

ఆ ఆపరేషన్‌కి ముందు పళ్ళకి క్లిప్పులు వేయాలి. "ముప్పై ఎనిమిదేళ్ళకి క్లిప్పులేంటే, మళ్ళీ పెళ్ళిచూపులా?" అని వీధిలో వాళ్ళు ఆటపట్టించారు. అందానికి కాదు. దవడ పొట్టిదైతే కింది పళ్ళు ఊరుకోవు. పై పళ్ళని అందుకుందామని ముందుకి వాలతాయి. ఏళ్ళ తరబడి అలా సర్దుకుపోతూ దవడ లోపాన్ని కప్పిపుచ్చుతాయి. అవి వాలి ఉండగా దవడని ముందుకి జరిపితే వెళ్ళి పై పళ్ళకి గుద్దుకుంటాయి. అందుకని ముందు వాటి చేత సర్దుకుపోవడం మానిపించి, నిటారుగా నిలబెట్టాలి. అలా నిలబెట్టేకొద్దీ పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య సందు పెరుగుతుంది, గడ్డం ఇంకా లోపలికి పోయినట్టు కనిపిస్తుంది, ఏదీ కొరకడం చేతకాదు. బాగుపడటానికి ముందు బాగా పాడవ్వాలన్నమాట. వీరవేణి ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉంది. ఊరందరికీ వేపుళ్ళు వండి తను గంజి తాగుతోంది.

మామూలు క్లిప్పులతో ఈ పనికి ఏడాదిన్నర పడుతుంది. తప్పు క్లిప్పులది కాదు, మనది. నిద్రలో పళ్ళు బిగిస్తాం, పటపటా నూరుతాం, తీగ పగలంతా జరిపిన పన్నుని రాత్రి వెనక్కి తోసేస్తాం. డాక్టర్ వింధ్య కనిపెట్టిన సౌమ్య బ్రాకెట్లు ఆ బిగింపునే లేకుండా చేస్తాయి. ఒక్కో బ్రాకెట్‌లో ఆవగింజంత సెన్సర్ ఉంటుంది. దవడ కండరం బిగుసుకోబోతోందని పసిగట్టగానే అది నరానికి సన్నటి కరెంటు పంపుతుంది. కండరం పట్టు వదిలేస్తుంది. పళ్ళు ఎదురు తిరగవు కనక మూడు నెలల్లో చోటుకి చేరతాయి. ప్రయోగానికి ఒప్పుకుని వాటిని పెట్టించుకుంది వీరవేణి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మనం దవడ బిగించేది నమలడానికీ నూరుకోవడానికేనా? నొప్పిని పంటి బిగువునే కదా భరిస్తాం. నోటిదాకా వచ్చిన మాటని పళ్ళు బిగించే కదా మింగేస్తాం. సౌమ్య పంపే కరెంటు నరం వెంట ఇంకాస్త లోపలికి, మనిషి తనని తాను అదుపు చేసుకునే చోటుకి కూడా పాకుతోందని తర్వాత తేలింది. అప్పటికి మాత్రం ఎవరికీ తెలీదు, ఒక్క వీరవేణికి తప్ప. ఆమెకి అనుభవం మీద తెలిసింది. "గోంగూర ఇవ్వాళ్టిదేనా?" అని అడిగిన పాత ఖాతాదారుకి "నిన్నటిదండి, వేడి చేశాను," అనేసింది. ఆడపడుచుకి ఫోన్‌లో, "మీ గృహప్రవేశానికి జ్వరమొచ్చి మానలేదు వదినా, రాబుద్ధి కాక మానేశాను," అనేసింది. ఆ రెండు ఇళ్ళ వాళ్ళూ ఇప్పుడు వేరే కొట్లో కూరలు కొనుక్కుంటున్నారు.

డాక్టర్‌కి చెప్పింది కూడా. "డాక్టరు గారూ, ఇవి పెట్టాక నోట్లో మాట ఆగట్లేదండి."

"అది స్ట్రెస్, వీరవేణి గారూ. బ్రాకెట్‌కీ మాటకీ ఏం సంబంధం?" అని డాక్టర్ వింధ్య నవ్వేసింది. మనిషి చెప్పింది కాక మీటర్ చెప్పిందే నమ్మే రకం ఆవిడ. చెడ్డ మనిషని అనలేం. తను కనిపెట్టినదాన్ని కన్నబిడ్డలా చూసుకుంది. కన్నబిడ్డ తప్పు చేస్తోందంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

కానీ ఈ ఉదయం వీరవేణి పళ్ళు మండుతున్నాయని చెప్పినప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు.

"కమిటీ ముందు నొప్పి మాట ఎత్తకండి," అంది. "ఇవాళ అనుమతి వస్తే వచ్చే వారమే మీ ఆపరేషన్. రాకపోతే ఎక్కడిదక్కడ ఆపెయ్యమంటారు."

"ఆపేస్తే నా నోరు ఇలాగే ఉండిపోద్దాండి?"

"మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. ఎప్పటికవుతుందో చెప్పలేను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వీరవేణి సరేనంది. అనడమైతే అంది గానీ, ఆపుకోవడానికి ఆమెకి దవడ లేదు. ఇప్పుడు కమిటీ ముందు ఆమె భయమంతా అదే.

"మీతో నాలుగు మాటలు మాట్లాడాలమ్మా," అన్నాడు చైర్మన్ అప్పలనరసయ్య. నెమ్మదైన మనిషి, కళ్ళజోడు మీంచి చూస్తాడు. "భోజనం చెయ్యగలుగుతున్నారా?"

"గంజి తాగుతున్నానండి."

"నిద్ర పడుతోందా?"

"పడితే ఊపిరి ఆగుద్దండి. మా ఆయన పడుకోవడం మానేసి, నా ముక్కు కింద వేలు పెట్టుకుని కూచుంటన్నాడు. పొద్దున ఆ మొహం చూస్తే నాకు ఏడుపొస్తందండి. ఈ ఆపరేషనయితే ఇద్దరం పడుకుంటాం."

సభ్యుల్లో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. డాక్టర్ వింధ్య మెచ్చుకోలుగా తల ఊపింది. అబద్ధం ఆడలేని మనిషికి మిగిలే ఉపాయం ఒకటే, అడగని నిజాలు చెప్పడం. వీరవేణి తన తెలివికి తనే ఆశ్చర్యపోయింది.

చైర్మన్ మాత్రం కదల్లేదు. "అదంతా సరేనమ్మా. నొప్పి ఉందా?"

ఉంది అనే మాట గొంతులోంచి పైకి లేచింది. వీరవేణి నాలికని అంగిలికి నొక్కిపెట్టింది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి. పళ్ళు బిగించబోతే బ్రాకెట్లు పసిగట్టి దవడని మెత్తగా వదిలేశాయి. ఎంత చక్కగా పనిచేస్తున్నాయో దిక్కుమాలినవి!

"ఆపరేషన్ కావాలండి నాకు," అంది గబగబా.

"నేనడిగింది నొప్పి గురించి."

"ఆపరేషన్ కావాలండి."

గదిలో ఎవరో కుర్చీ సర్దుకున్నారు. వీరవేణి నుదుటి మీద చెమట పట్టింది. ఇంకోసారి అడిగితే ఆగదని ఆమెకి తెలుసు, చూస్తున్న డాక్టర్ వింధ్యకీ అర్థమైంది. ఆవిడ చటుక్కున లేచి నిలబడింది.

"సార్, నొప్పి పెట్టే వస్తువే అయితే నేను పెట్టుకుంటానా?" అని పెదాలు విప్పి చూపించింది. ఆవిడ పళ్ళ మీద కూడా సౌమ్య బ్రాకెట్లు తళతళలాడుతున్నాయి. అవసరమైతే చూపిద్దామని పొద్దున్నే తాత్కాలికంగా అంటించుకుని వచ్చింది. "డేవిడ్, ఆన్ చెయ్యి."

"వద్దండి డాక్టరు గారూ!" అని కేక పెట్టింది వీరవేణి.

"చూశారా, మా పేషెంటుకి నా మీద ఎంత అభిమానమో," అంది డాక్టర్ వింధ్య నవ్వుతూ. డేవిడ్ రాజు స్విచ్ వేశాడు.

"ఇదిగో సార్. చీమ కుట్టినట్టు కూడా లేదు."

"మీకు లేదు, సంతోషం. ఈవిడకి?" అన్నాడు చైర్మన్.

"ఈవిడకి ఉంది," అంది డాక్టర్ వింధ్య.

అనేసి, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. పళ్ళు బిగించబోయింది. దవడ వేలాడింది.

"ఉండి తీరాలి సార్. కింది పళ్ళ వేళ్ళు కరిగిపోతున్నాయి. పోయిన వారం స్కాన్‌లో చూశాను." రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా వేళ్ళ సందుల్లోంచి మాటలు వస్తూనే ఉన్నాయి. "పళ్ళు మరీ తొందరగా జరిగితే అలా అవుతుంది. ఆపరేషన్ దాకా నిలుస్తాయిలే అనుకున్నాను. ఇవాళ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాను. డేవిడ్, ఆపు! ఆపవయ్యా!"

డేవిడ్ రాజు చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. ఈలోగా వీరవేణి లేచింది.

"మండుతున్నాయండి!" అంది, ఏడుస్తూ. "కరుగుతున్నాయని తెలిసి నన్ను నోరు మూసుకోమన్నారాండి? మీకోసం కూడా ఓర్చుకుంటున్నాను కదండి నేను!"

అప్పుడు కట్టేశాడు డేవిడ్ రాజు స్విచ్‌ని. డాక్టర్ వింధ్య దవడ చప్పున బిగుసుకుంది. ఒక్క క్షణంలో ఆవిడ మొహం మళ్ళీ సైంటిస్టు మొహం అయిపోయింది.

"నేనన్నది ఆ అర్థంలో కాదు," అంది సర్దుకుంటూ. "అది ఇంకా నిర్ధారణ కాని ప్రాథమిక అంచనా మాత్రమే. అన్ని కేసుల్లోనూ..."

"ఈ రెంటిలో ఏది రాసుకోమంటారు?" అని అడిగాడు చైర్మన్.

"స్విచ్ వేసి మళ్ళీ అడగండి," అంది వీరవేణి.

కమిటీ పరికరాన్ని తిరస్కరించింది. అది అంత బాగా పనిచేస్తుందని వాళ్ళూ అనుకోలేదు.

వీరవేణి నోరు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. సౌమ్య తీసేశారు. పళ్ళ వేళ్ళు కుదుటపడేదాకా ఆగి, మామూలు క్లిప్పులతో మళ్ళీ మొదలుపెట్టాలి. సూరిబాబు రాత్రిళ్ళు ఆమె ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చుంటూనే ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరిగిన సర్జన్ డాక్టర్ వింధ్య ఒక్కతే. ఆ పేరెత్తితే వీరవేణి గరిటె విసిరికొట్టేది.

ఒక మధ్యాహ్నం ఆవిడే కర్రీ పాయింట్‌కి వచ్చింది. "మీ ఆపరేషన్ నన్నే చెయ్యనివ్వండి," అంది.

"ఆ సౌమ్య క్లిప్పులు పెట్టుకొచ్చి ఆ మాట అనండి," అంది వీరవేణి.

మర్నాడు డాక్టర్ వింధ్య పెట్టుకునే వచ్చింది. గిరాకీల మధ్య నిలబడి స్విచ్ తనే వేసుకుంది. "నాకు మీ దవడ కన్నా నా పేరే ముఖ్యమనిపించింది. ఇప్పుడు సిగ్గుతో చస్తున్నాను," అంది. వీరవేణి లోపలికి రమ్మని కుర్చీ వేసి, షరతు చెప్పింది. తనతో మాట్లాడే ప్రతిసారీ డాక్టర్ సౌమ్య పెట్టుకోవాలి, ఆన్‌లో ఉండాలి.

అలా రోగుల కోసం పుట్టిన పరికరం డాక్టర్ నోటికి చేరింది. ఊళ్ళో ఈ వార్త గుప్పుమంది. నిజం చెప్పే డాక్టరంటే అలా ఉండాలని అందరూ తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, వెళ్ళి పక్క గదిలో "ఏం ఫర్వాలేదు" అనే డాక్టర్ ముందు క్యూలో కూర్చున్నారు. డాక్టర్ వింధ్య గది ముందు కుర్చీలు ఖాళీగా ఉండేవి.

వీరవేణి ఒక్కతే మానకుండా వచ్చేది. కింది పెదవి మొద్దుబారవచ్చని, ఆ మొద్దు ఎప్పటికీ పోకపోవచ్చని డాక్టర్ చెప్పింది. వేళ్ళు కరిగిన పళ్ళలో రెండు ఊడిపోవచ్చని చెప్పింది. ఇలాంటి గొంతుకి మత్తు ఇవ్వడం కష్టమని, ఊపిరి గొట్టం దిగకపోతే ప్రమాదమని కూడా చెప్పింది. వీరవేణి అన్నీ విని తల ఊపి, గంజి తాగడానికి ఇంటికి వెళ్ళేది. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళే తనకి కావాలని సూరిబాబుతో గర్వంగా అనేది.

చివరికి ఆపరేషన్ రోజు వచ్చింది. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. సూరిబాబు చెయ్యి వదిలేసి పక్కకి జరిగాడు. ఆకుపచ్చ గౌనులో డాక్టర్ వింధ్య ఆమె మీదికి వంగింది. మాస్కు ఇంకా కట్టుకోలేదు. పళ్ళ మీద సౌమ్య బ్రాకెట్లు మెరుస్తున్నాయి. పక్కన డేవిడ్ రాజు ప్యానెల్ పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరు గారూ, నేను మళ్ళీ లేస్తానాండి?" అని అడిగింది వీరవేణి.

డాక్టర్ వింధ్య నోరు తెరిచింది.

"ఆగండాగండి!" అని వీరవేణి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "డేవిడ్ గారూ, ముందు ఆ స్విచ్ కట్టెయ్యండి."

డేవిడ్ రాజు డాక్టర్ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. స్విచ్ టక్కుమంది.

"ఊఁ. ఇప్పుడు చెప్పండి," అంది వీరవేణి.

డాక్టర్ వింధ్య పళ్ళు గట్టిగా బిగించింది. "ఏం కాదమ్మా. నేనున్నాను కదా," అంది.

"అదీ మాట," అని వీరవేణి హాయిగా కళ్ళు మూసుకుంది.