నలభై ఎనిమిదొస్తే ఫెయిలా?

పంతొమ్మిది వందల అరవై ఆరు, ఫిబ్రవరి. ఆదివారం పొద్దున ఏడింటికే మౌలాబీ కూలి ఆడవాళ్ళతో కల్లంలో కూర్చుంది. ఎండిన మిరపకాయల కుప్ప ముందేసుకుని, తెల్లబడ్డ తాలు కాయలు ఒక పక్కకు, ఎర్రవి ఒక పక్కకు ఏరుతోంది. ముక్కుకు కొంగు కట్టుకున్నా తుమ్ములు ఆగడం లేదు. పాక ముందు పొయ్యి మీద సేమ్యా పాయసం ఉడుకుతోంది. కోతల రోజుల్లో పాయసం వండే తీరిక ఎవరికీ ఉండదు. కానీ నిన్న టపాలో ఒక కవరు వచ్చింది.

ఆ కవరు అబ్దుల్ ఖాదరు పేరున వచ్చింది. అతను మౌలాబీ, హుస్సేన్ సాహెబుల ఒక్కగానొక్క కొడుకు. గుంటూరులో ఒక ఆడిటరు దగ్గర పని నేర్చుకుంటూ చార్టర్డ్ అకౌంటెంటు పరీక్ష రాస్తున్నాడు. కవర్లోని మార్కుల కాగితం మీది ఇంగ్లీషు హుస్సేన్ సాహెబుకు రాదు. అంకెలు వచ్చు. నలభై ఎనిమిది, నలభై ఏడు, నలభై తొమ్మిది, నలభై ఎనిమిది. స్కూలు ఫైనల్లో ముప్పై అయిదొస్తే పాసని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంకేం! కండువా భుజాన వేసుకుని ఊరంతా తిరిగి చెప్పేశాడు.

పత్తి మిల్లు చెంచురామయ్యకైతే ఇంటికి పోయి మరీ చెప్పాడు. ఈసారి తప్పితే ఖాదరు చదువు కట్టిపెట్టి ఆయన మిల్లులో గుమాస్తాగా చేరతాడని మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాట ఇక చెల్లదని తేల్చి వచ్చాడు.

ఎనిమిదింటి బస్సు దిగి ఖాదరు కల్లంలోకి వచ్చాడు.

"రావయ్యా ఆడిటరూ!" అంటూ హుస్సేన్ సాహెబు కాగితం చేతికిచ్చాడు.

ఖాదరు చూశాడు. మొహం తాలు కాయలా పాలిపోయింది.

"ఫెయిలు నాయనా."

"ఏందిరా?"

"ఫెయిలయ్యాను."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? నలభై ఎనిమిదొస్తే ఫెయిలా? పోయినసారి ఏం చెప్పావు? పన్నుల పేపర్లో ముప్పై ఎనిమిదొచ్చింది, నలభై రావాలి, అందుకే పోయిందన్నావు. ఇప్పుడు నాలుగిట్లోనూ నలభై దాటింది కదరా!"

"అది వేరు, ఇది వేరు. నీకు అర్థం కాదులే."

అనకూడని మాట అది. చదువుకున్నవాళ్ళకు ఇదొక జబ్బు. ఎదుటివాడికి బుర్ర లేదంటారు గానీ, తమకు చెప్పడం చేతకాలేదని ఒప్పుకోరు.

హుస్సేన్ సాహెబు కండువా తీసి నేలకేసి కొట్టాడు. "అవున్రా, నాకు అర్థం కాదు! నీ అబద్ధాలు అర్థం చేసుకునే చదువు నాకు లేదు. గుంటూరులో సినిమాహాళ్ళ చుట్టూ తిరుగుతున్నావో ఏం చేస్తున్నావో! చాలు. రేపు పొద్దున మిల్లుకు పో. ఇంక పరీక్షల ఊసెత్తితే ఊరుకోను!"

"పోతాను. నీకు కావలసింది గుమాస్తాయే కదా!"

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ!" మౌలాబీ లేచింది. ముక్కుకు కట్టిన కొంగు లాగేసింది. "ఒరే ఖాదరూ, ఎవరికి అర్థం కాదురా? ఇరవై ఏళ్ళు కాయలేరి నిన్ను చదివించిన నాకా? కూర్చో. ఇవిగో నాలుగు తట్టల కాయలు, నీ నాలుగు పేపర్లు. ఇప్పుడు చెప్పు."

ఖాదరు తట్టల ముందు కూర్చున్నాడు. ఇంతవరకూ ఇంట్లో ఎవరూ ఇలా కూర్చోబెట్టి అడగలేదు, తనూ పూర్తిగా చెప్పలేదు.

"రెండు షరతులమ్మా. ఏ పేపర్లోనూ నలభైకి తగ్గకూడదు. అదొకటి. నాలుగూ కలిపితే రెండొందలు రావాలి. అదొకటి. పోయినసారి కలిపితే రెండొందల ఏడు వచ్చింది గానీ ఒక పేపరు పోయింది. ఈసారి ఏ పేపరూ పోలేదు, కలిపితే నూట తొంభై రెండే."

"ఎనిమిది తగ్గింది," అన్నాడు హుస్సేన్ సాహెబు, అటు తిరిగే.

మౌలాబీ నవ్వింది. "ఇంతేనా! కొనేవాడు చేసేదీ ఇదే కదరా. ముందు ప్రతి బస్తాలోనూ చెయ్యి పెడతాడు. ఒక్క దాంట్లో తాలు ఎక్కువున్నా మొత్తం వద్దంటాడు. అన్నీ బాగుంటే, బస్తాకో పిడికెడు తీసి గోనెపట్టా మీద కలిపి రంగు చూస్తాడు. ఏమయ్యా, పోయినేడు మన సరుకేమైంది?"

హుస్సేన్ సాహెబు తల దించుకున్నాడు. పోయినేడు ఏ బస్తానూ తప్పు పట్టలేదు. కలిపి చూస్తే రంగు లేదన్నారు. కట్టిన బండి కట్టినట్టే ఇంటికొచ్చింది. రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు.

"ఆ రోజు నిన్ను చేను మానుకోమని ఎవరన్నా అన్నారా?" అడిగింది మౌలాబీ.

ఆయన కింద పడ్డ కండువా తీసి దులుపుకున్నాడు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "పోయినసారి నీకు బాగా వచ్చిందేది?"

"ఆడిటు. యాభై తొమ్మిది."

"మరి ఈసారి?"

"నలభై ఏడు." గొంతు తగ్గింది. "పన్నుల పేపరు మళ్ళీ పోతుందని భయమమ్మా. ఆర్నెల్లూ దాని మీదే కూర్చున్నా. ఆడిటు పుస్తకం తెరవలేదు."

"నువ్వు తాలు ఏరుతూ కూర్చుంటే ఎర్రకాయ వానకు తడిసింది. చెడ్డ బస్తాను గట్టెక్కించు, చాలు. రంగు రావలసింది మంచి బస్తాలోంచి రా!"

ఖాదరు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. చటుక్కున లేచాడు. "నాయనా! ఆడిటు పోయినసారిలాగే వచ్చుంటే రెండొందల నాలుగు! పాసే!"

అంతలో చెంచురామయ్య పటికబెల్లం పొట్లంతో వచ్చాడు. "ఏం సాయిబూ, పాయసం వాసన మా వాకిలి దాకా వచ్చిందే!"

"మావాడు తప్పాడండీ," అన్నాడు హుస్సేన్ సాహెబు గట్టిగా. కల్లంలో ఏరుతున్న ఆడవాళ్ళంతా తలెత్తారు.

"అదేంటి, నిన్న పాసన్నావు?"

"నిన్న తప్పు చూశాను. నాకు ఒక షరతే తెలుసు. రెండున్నాయి."

"అయితే రేపటినుంచి మిల్లుకు పంపు."

"పంపను. మాట తప్పుతున్నా, తిట్టండి. వాడు మే నెలలో మళ్ళీ రాస్తాడు."

"నలభై ఎనిమిదొచ్చినా తప్పాడంటే అదేం పరీక్షయ్యా? మా మేనల్లుడు స్కూలు ఫైనల్లో ముప్పై ఆరుతో గట్టెక్కాడు!"

"ఇట్టా కూర్చోండి, చెప్తా." హుస్సేన్ సాహెబు నాలుగు తట్టలూ ఆయన ముందుకు లాగాడు. ప్రతి తట్టలోనూ చెయ్యి పెట్టి, పిడికెళ్ళు తీసి కలిపి, కల్లమంతా వినబడేలా చెప్పాడు.

చెంచురామయ్య తల గోక్కున్నాడు. "మేలో కూడా తప్పితే?"

"నవంబర్లో రాస్తాడు. చేను ప్రతి ఏడూ వేస్తున్నాం కదండీ."

ఖాదరు గిన్నెలో పాయసం తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. హుస్సేన్ సాహెబు కళ్ళు తుడుచుకున్నాడు, మిరపకాయలు పట్టిన చేత్తోనే. నలభై ఏళ్ళుగా కాయ పట్టినవాడు ఎన్నడూ చెయ్యని పని.

"నీళ్ళు! నీళ్ళు!" అని గెంతాడు.

మౌలాబీ చెంబు అందించింది. ఖాదరు తండ్రి తల పట్టుకుని కళ్ళల్లో నీళ్ళు కొట్టాడు, చిన్నప్పుడు తనకు ఆయన కొట్టినట్టే.

"ఏ నెలన్నావురా?" అడిగాడు హుస్సేన్ సాహెబు, కళ్ళు మూసుకునే.

"మే, నాయనా."

"పాయసం తిని పద. ముందు ఆడిటు పుస్తకం తియ్యి."