పన్నెండు రెట్లు వద్దన్న అమ్మాయి

ఇప్పుడు ఫెర్మిన్ జుట్టు సగం నెరిసింది. అయినా హలాపా ఊళ్లో ముసురు పట్టిందంటే చాలు, అతనికి ఆ సెప్టెంబరే గుర్తొస్తుంది.

అప్పుడు అతనికి ఇరవై మూడేళ్లు. తలకి సంచీ అడ్డం పెట్టుకుని, వానలో పరుగెత్తుకుంటూ దోన్ అబుందియో కళ్లద్దాల కొట్లోకి దూరాడు. కౌంటర్ వెనక పెద్దాయన లేడు. ఆయన కూతురు ఒతీలియా ఉంది. ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి అతన్ని ఒకసారి చూసింది.

"ముందు ఆ బూట్లు తుడుచుకోండి."

ఫెర్మిన్ తుడుచుకున్నాడు. "మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్ద బైనాక్యులర్స్ ఇవ్వండి."

"దేన్ని చూడ్డానికి?"

"గద్దల్ని. కార్డెల్ దగ్గర వలస గద్దల్ని లెక్కపెట్టే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి." మొదటి ఉద్యోగం. చెబుతుంటేనే ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

ఒతీలియా ఒకటి తీసి ముందు పెట్టింది. "ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది."

"ఎనిమిదేనా? ఆ పై అరలోది?"

"అది పన్నెండు."

"అదివ్వండి."

"మీకు ఎనిమిది చాలు."

"కొనేది నేనా, మీరా?"

"కొనేది మీరే. వారం తిరక్కుండా తిట్టుకునేదీ మీరే."

వాన తెరిపిచ్చింది. ఆమె పన్నెండు రెట్లది తీసుకుని అతన్ని గుమ్మంలోకి రమ్మంది. ఫెర్మిన్ దాంట్లోంచి వీధి చివరి చర్చి గోపురాన్ని చూశాడు. "అబ్బ! గడియారం ముల్లు మీద తుప్పు కూడా కనిపిస్తోంది!"

"చర్చి ఎక్కడికీ పారిపోదు. గంట కింద పావురాలున్నాయే, అవి ఎగిరినప్పుడు ఒక్కదాన్ని పట్టుకోండి చూద్దాం."

గంట మోగింది. పావురాలు లేచాయి. ఫెర్మిన్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పెంకులు కనిపించాయి. కరెంటు తీగ కనిపించింది. మళ్లీ తీగే. పావురం ఈక కూడా దొరకలేదు.

"దగ్గరగా చూపించేకొద్దీ ఆకాశం ముక్క చిన్నదైపోతుంది. పైగా మీ చేతి వణుకు కూడా పన్నెండు రెట్లవుతుంది," అంది ఒతీలియా.

"నా చేతులేం వణకట్లేదు."

"వణుకుతున్నాయి."

వణుకుతున్న మాట నిజమే. ఆమె అతని భుజం పక్కనే నిలబడి ఉంది. చూరు నుంచి పడిన చినుకులు నాలుగు ఆమె ముంగురుల్లో చిక్కుకుని మెరుస్తున్నాయి. ఆ సంగతి చెప్పే ధైర్యం లేక, రోషానికి పోయి పన్నెండు రెట్లదే కొన్నాడు.

కార్డెల్ దగ్గరి ఒక పల్లెలో గద్దల్ని చూడ్డానికి ఒక ఎత్తయిన మంచె ఉండేది. దాని మీద పెత్తనం దోన్యా రెమెదియోస్‌ది. యాభై ఏళ్ల మనిషి, తాటాకు టోపీ, కంచు గొంతు. ఎండ ఎక్కేసరికి ఉత్తరం నుంచి గద్దలు రావడం మొదలైంది. వందలు కాదు, వేలు. వేడిగాలిలో సుడులు తిరుగుతూ పైకి లేచి, అక్కడి నుంచి బారులు తీరి దక్షిణానికి జారిపోతున్నాయి.

"ఎన్ని?" అని అరిచింది దోన్యా రెమెదియోస్.

"కనబడింది... ఇప్పుడే పోయింది."

"ఎక్కడికి పోయింది నాయనా! గుంపు గుంపంతా నీ నెత్తిమీదే ఉంది!"

ఐదు రోజులు అదే వరస. బరువుకి మెడ పట్టేసింది, కళ్లు లాగేశాయి. శుక్రవారం సాయంత్రం ఆవిడ మెల్లగానే చెప్పింది. "సోమవారం కూడా ఇలాగే ఉంటే ఇంకొకళ్లని చూసుకోవాలి ఫెర్మిన్."

శనివారం అతను మళ్లీ కళ్లద్దాల కొట్లో ఉన్నాడు.

"దీని బెల్టు బాగాలేదు."

"బెల్టు ఒక్కటేనా?" అంది ఒతీలియా.

ఫెర్మిన్ నేలచూపులు చూశాడు. "మీరు చెప్పిందే రైటు."

"కాస్త గట్టిగా చెప్పండి. నాన్నకి వినబడాలి."

"నాకు వినబడిందిలే!" అన్నాడు లోపలి గదిలోంచి దోన్ అబుందియో. "పాపం, మార్చి ఇవ్వవే."

ఆమె ఎనిమిది రెట్లది మార్చి ఇచ్చింది. పట్టుకోవడం కూడా నేర్పింది. "మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. ముందు కళ్లతో పిట్టని పట్టుకోండి. చూపు తిప్పకుండా అద్దాల్ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి." మోచెయ్యి సరిచేస్తూ ఆమె వేళ్లు తగిలాయి. ఈసారి పావురం దొరికింది, రెక్కతో సహా.

ఉద్యోగం నిలబడింది. శనివారాలు కూడా నిలబడ్డాయి. ఒక వారం లెన్సు తుడిచే గుడ్డ, ఒక వారం మూత, మళ్లీ గుడ్డ. గుడ్డ వంకతో వచ్చి ఒక పూటంతా గద్దల కబుర్లు చెప్పేవాడు. చెక్క స్టూలు మీద కూర్చుని పాల కాఫీ చల్లారబెట్టుకుంటూ ఒతీలియా వినేది.

"ఇన్ని బైనాక్యులర్స్ అమ్మాను. చర్చి గోపురం దాటి ఏదీ చూడలేదు," అందొకసారి.

మంచె దగ్గరికి రమ్మని పిలవాల్సిన మాట అతని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

అక్టోబరు ఆఖరి శనివారం వెళ్లేసరికి కొట్లో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. "పుయెబ్లాలో మా పెద్దాడి దగ్గరికి వెళ్లిపోతున్నాం," అన్నాడు దోన్ అబుందియో. "అమ్మాయికి కూడా అక్కడ ఉద్యోగం చూశాడు."

ఒతీలియా ఫెర్మిన్ ముఖంలోకే చూస్తోంది.

"మంచిది," అన్నాడు ఫెర్మిన్.

ఆ ఒక్క మాటా అని బయటపడ్డాడు. బస్సులో తనని తాను తిట్టుకున్నాడు. తర్వాతి శనివారం మొహం చెల్లక వెళ్లలేదు. ఆ పై శనివారమూ వెళ్లలేదు.

నవంబరు మధ్యలో, గద్దలు దాదాపు అయిపోయిన ఒక మధ్యాహ్నం, మంచె మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒతీలియా! ఆయాసంతో, అంతకంటే ఎక్కువ కోపంతో నిలబడి ఉంది. కింద దోన్ అబుందియో కొబ్బరిబోండాం తాగుతున్నాడు.

"ఏది మంచిది?" అంది ఆమె.

"ఆ?"

"మంచిది అన్నారుగా. నేను వెళ్లిపోవడమా?"

ఫెర్మిన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఉత్తరాన కొండ అంచు మీద, గద్దలతో పాటే వలస పోయే రాబందుల గుంపు లేచింది. బొటనవేలు అలవాటుగా చేతిలోని లెక్కమీటరు బొత్తాం మీదికి పోయింది.

దోన్యా రెమెదియోస్ దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. "ఈ పని నేను చూసుకుంటాను. ఆ పని మాత్రం నావల్ల కాదు."

"మంచిది కాదు," అన్నాడు ఫెర్మిన్. "అస్సలు మంచిది కాదు. నువ్వు వెళ్లొద్దు ఒతీలియా. నువ్వంటే నాకు ఇష్టం. ఆ గుడ్డలన్నీ అద్దాలు తుడవడానికి కొన్నానా నేను?"

"తెలుసు. అందుకే ప్రతిసారీ ఒక్కటే ఇచ్చేదాన్ని." కోపం ఇంకా పోనట్టే మొహం పెట్టింది గానీ కళ్లు నవ్వేశాయి. "పుయెబ్లా ఉద్యోగం వద్దని మొన్ననే ఉత్తరం రాశాను. కొట్టు నేను నడుపుతాను. ఆ మాట చెబుదామంటే, మనిషి పత్తా లేడు!"

దోన్ అబుందియో మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకి వచ్చాడు. ఫెర్మిన్ టోపీ తీసి, "దోన్ అబుందియో, మీరు ఒప్పుకుంటే మీ అమ్మాయిని..." అని నసిగాడు.

"రెండు బస్సులు మార్పించి ఎండలో నన్ను ఇక్కడికి లాక్కొచ్చిందయ్యా! ఇంకా నన్నేం అడుగుతావు?" అని పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పటికీ ఎవరైనా ఆ ఏటి లెక్కల గురించి అడిగితే ఫెర్మిన్ రోజు రోజుకీ, గంట గంటకీ అప్పజెబుతాడు. ఆ మధ్యాహ్నం ఎన్ని రాబందులు వెళ్లాయంటే మాత్రం, దోన్యా రెమెదియోస్‌నే అడగమంటాడు.