తప్పు చెప్పిన మాటలు

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మబ్బు దిగివచ్చి ఆసుపత్రి మేడమీది నీళ్ల ట్యాంకును కప్పేసింది. తలుచుకుంటే ఆ తడి వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది.

అప్పటికి, పేలుడులో తలకు దెబ్బ తగిలి నేను సైన్యం నుంచి ఇంటికొచ్చి ఏడాది. అలాంటి మాజీ సైనికుల జ్ఞాపకశక్తి మీద ఆ ఆసుపత్రిలో ఒకామె రిసెర్చ్ చేస్తుంటే, మా అక్క నన్ను వారం వారం ఆమె దగ్గరికి తీసుకెళ్లేది. ఆమె గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటి నేర్పి, పదిహేను మాటలు చదివి, ఇరవై నిమిషాలాగి తిరిగి చెప్పమనేది. మొదటిరోజు మూడే చెప్పాను. ఆ ఇరవై నిమిషాల్లో నాచేత చెక్క దిమ్మెలు పేర్పించేది.

"బంకర్ కట్టకండి సార్, బొమ్మలో ఉన్నట్టు పెట్టండి" అని నవ్వేది.

మూడు నెలలకు పదిహేనూ గుర్తుండసాగాయి. కానీ పన్నెండు దాటినవాళ్లు ఇక రానక్కర్లేదు. అందుకని ఏడు చెప్పి ఊరుకునేవాణ్ణి.

ముసురు రోజున ఆమె నా మార్కులు చూసి దిగులుపడింది. ఈ పద్ధతి పనిచేయడం లేదేమో, రెండేళ్ల పని వృథా అయిందేమో అంది. అక్క ఆగలేకపోయింది.

"అదేంటమ్మా, ఇంట్లో గిన్నెలు తోముతూ పదిహేనూ అప్పజెబుతాడు కదా వీడు."

ఆమె పెన్ను కింద పెట్టి నావైపు చూసింది.

"ఎందుకు?"

"పన్నెండు దాటితే రావద్దంటారని."

అక్క గొడుగు వెతికే వంకతో బయటికి పోయింది.

"మీ అంకెలు చూసి మిగతా ముప్పై మందికీ ఈ శిక్షణ ఆపేస్తే?"

నేనది ఆలోచించలేదు. ఆ ముప్పై మందిలో పేలుడప్పుడు నాతో అదే బండిలో ఉన్న స్నేహితుడొకడు. కూతురి పేరు కోసం ఇంకా తడుముకుంటున్నాడు.

ఆమె తన పట్టికలో నా వరస కొట్టేసి, పక్కన కారణం రాసుకుంది. ఇక రావద్దంది.

వెళ్లలేదు. వారం వారం ఆ స్నేహితుణ్ణి మాత్రం ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్లి, అతను వచ్చేదాకా రోడ్డు మీదే నిలబడేవాణ్ణి.

ఎనిమిది నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. రిపోర్ట్ ఇచ్చేసిందట. నా స్నేహితుడు పద్నాలుగు మాటలు చెప్పాడట.

"గేటు దగ్గర మిమ్మల్ని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది. "ఇప్పుడు నేను మీకు మార్కులు వేసేదాన్ని కాదు. అడగాల్సింది ఏమైనా ఉంటే అడగండి."

"నన్ను చేసుకుంటారా?"

ఆమె తల వంచుకుని చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

అక్క ఏమీ అడగకుండా మూడో కంచం వేసింది. ఆమెకు అక్క రెండోసారి వడ్డించింది. ఆమె కంచం కాస్త ముందుకు జరిపి పట్టుకుంది.